మైనస్ 9కి వర్గమూలం లేదు, మైనస్ 8కి ఘనమూలం ఉంది. ఎందుకు?

సిరివాళ్ళమ్మ (కరీంనగర్)

అందరికీ నమస్తే. మా పాప ఎనిమిదో తరగతి. నిన్న రాత్రి అన్నం తింటూ తింటూ ఒక మాట అడిగింది, నా దగ్గర జవాబు లేదు. "అమ్మా, మైనస్ 9కి వర్గమూలం లేదని రాయించిన్రు. మైనస్ 8కి ఘనమూలం మైనస్ 2 అని రాయించిన్రు. రెండూ మైనస్సే కదా, ఒకదానికి ఉండి ఇంకోదానికి ఎందుకు లేదు?"

దీంతో పాటు ఇంకోటి. స్లిప్ టెస్టులో √9 = ±3 అని రాస్తే అర మార్కు కోసేశారు. జవాబు 3 మాత్రమేనట. మూడు మూళ్ళు తొమ్మిది, మైనస్ మూడు మైనస్ మూళ్ళు కూడా తొమ్మిదే కదా, మరి తప్పెట్లయింది అని పాప ఏడుపు మొహం పెట్టింది. నేను బీకాం చదివిన. "అది రూలు బిడ్డా, అట్లనే రాయాలె" అని చెప్పి పడుకోబెట్టొచ్చు, కానీ అట్ల చెప్పడం నాకే నచ్చలేదు. ఎవరైనా ఎనిమిదో తరగతి పిల్లకు అర్థమయ్యేటట్టు చెప్తరా?

ఇంటర్_ఎంపీసీ

ఆంటీ, వర్గం అంటే రెండుసార్లు గుణించడం, ఘనం అంటే మూడుసార్లు. మైనస్‌ని రెండుసార్లు గుణిస్తే ప్లస్ అయిపోతుంది, మూడుసార్లు గుణిస్తే మైనస్ మిగులుతుంది. అందుకే. రెండో ప్రశ్నకు మా సార్ చెప్పింది "√ గుర్తు వేస్తే ప్లస్ మాత్రమే రాయాలి" అని. ఎందుకో నాకూ సరిగా తెలీదు, నేనూ ఈ చర్చ చూస్తూ ఉంటా.

లెక్కలమాస్టారు_తెనాలి

అమ్మా, మీ పాప అడిగినవి రెండు వేరు వేరు ప్రశ్నలు. రెండూ మంచివే. ముందు మొదటిది చూద్దాం.

పాప చేతికి ఒక కాగితం ఇచ్చి, మధ్యలో నిలువు గీత గీయమనండి. ఎడమవైపు తనకు తోచిన సంఖ్యలు రాయమనండి: 3, 1, 0, −1, −3, −7. కుడివైపు ఒక్కోదాని వర్గం రాయమనండి. 9, 1, 0, 1, 9, 49 వస్తాయి. ఇప్పుడు కుడివైపు వరుసలో ఒక్క మైనస్ అయినా ఉందేమో వెతకమనండి. ఉండదు. ఇంకో వంద సంఖ్యలు రాసినా ఉండదు. వర్గం అనే మరలో ప్లస్ పోస్తే ప్లస్ వస్తుంది, మైనస్ పోసినా ప్లస్సే వస్తుంది, సున్న పోస్తే సున్న. మైనస్ 9 అనే పిండి ఆ మరలోంచి ఎప్పుడూ రాలేదు, కాబట్టి "ఏ గింజ పోస్తే వచ్చింది" అని అడిగితే చెప్పడానికేమీ లేదు. వర్గమూలం అడగడమంటే గింజ ఏదని అడగడమే.

ఇంకో కాగితం మీద అవే సంఖ్యలకు ఘనాలు కట్టమనండి. 27, 1, 0, −1, −27, −343. ఇక్కడ మైనస్‌లు వచ్చాయి చూడండి. (−2) × (−2) = 4, ఆ 4ని మళ్ళీ (−2)తో గుణిస్తే −8. మొదటి గుణకారంలో పోయిన మైనస్ రెండో గుణకారంలో తిరిగి వచ్చింది. ఘనం అనే మరలో ప్లస్ పోస్తే ప్లస్, మైనస్ పోస్తే మైనస్. పైగా రెండు వేరు వేరు గింజలు పోస్తే ఎప్పుడూ ఒకే పిండి రాదు. అందుకే మనకు తెలిసిన వాస్తవ సంఖ్యల్లో ప్రతి సంఖ్యకూ ఒక ఘనమూలం ఉంటుంది, సరిగ్గా ఒక్కటే ఉంటుంది.

దీనివల్ల పాపకు పరీక్షలో ఒక సుఖం ఉంది. ∛−2744 అడిగితే కంగారు పడక్కర్లేదు. మైనస్‌ని పక్కన పెట్టి 2744ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలి: 2 × 2 × 2 × 7 × 7 × 7. మూడేసి చొప్పున జట్లు కడితే ఒక 2, ఒక 7, అంటే 14. పక్కన పెట్టిన మైనస్ తెచ్చి పెడితే −14. వర్గమూలంలో మాత్రం మైనస్‌ని ఇలా పక్కన పెట్టి తర్వాత తెచ్చుకోవడం కుదరదు. పిల్లలు ఎక్కువగా జారేది అక్కడే. √−49 = −7 అని రాసేస్తారు. −7 వర్గం 49, −49 కాదు. 34 ఏళ్ళు దిద్దిన పేపర్లలో ఈ తప్పు నాకు కనబడని సంవత్సరం లేదు.

రెండో ప్రశ్నకు సాయంత్రం రాస్తాను. ట్యూషన్ పిల్లలు వచ్చేశారు.

గుంటలు_గజాలు (సిద్దిపేట)

నేను భూముల కొలతల పని చేస్తా. లెక్కల సార్ లెక్క నాకు రాదు గానీ, వర్గమూలం నా రోజువారీ తిండి. ఒక్క సంగతి చెప్తా, పాపకు గుర్తుంటది.

మా దిక్కు ఎకరానికి 40 గుంటలు. ఎకరం 4840 చదరపు గజాలు. అంటే గుంట 121 చదరపు గజాలు. 121కి వర్గమూలం 11. అందుకే గుంట అంటే అటు 11 గజాలు, ఇటు 11 గజాలు ఉన్న చతురస్రం, 33 అడుగులకు 33 అడుగులు. గొలుసు 66 అడుగులది, సగం గొలుసు పొడవు, సగం గొలుసు వెడల్పు అయితే గుంట. ఎవరైనా రైతు "నా గుంట ఎంత ఉంటది సారూ" అంటే నేను 11 గజాలంటా. మైనస్ 11 గజాలని ఎవరికీ చెప్పను, చెప్పినా వాళ్ళు గొలుసు పట్టలేరు.

కానీ మైనస్ పనికొచ్చే జాగ కూడా ఉంది. దారి నడిమి గీత నుంచి 11 గజాల దూరంలో హద్దురాయి ఉన్నదని పాత కాగితంలో రాసి ఉంటే, అది దారికి కుడివైపా ఎడమవైపా అని రెండు దిక్కులా తవ్వి చూడాలె. కుడిని ప్లస్ అనుకుంటే ఎడమ మైనస్. అప్పుడు +11, −11 రెండూ నిజమే. మా పనిలో ఏ ప్రశ్నకు ఒక జవాబు, ఏ ప్రశ్నకు రెండు జవాబులు అన్నది ముందు తెలుసుకోవాలె.

డల్లాస్_నాన్న

మాస్టారికి నమస్కారం. నేను 1986లో గుంటూరు జిల్లాలో తెలుగు మీడియంలో పదో తరగతి పాసయ్యాను. మాకు "9కి వర్గమూలాలు +3, −3" అనే నేర్పారు. ఇక్కడ మా అబ్బాయి పుస్తకంలో √9 = 3 అని ఉంది. నాకు ఇదేం నచ్చలేదు. (−3) × (−3) = 9 అయినప్పుడు −3ని ఎందుకు వదిలెయ్యాలి? ఉన్న జవాబును లేదనడం లెక్కల్లో న్యాయం కాదు కదా. ఆ పాపకు అర మార్కు ఇచ్చెయ్యాలనే నా మనవి.

లెక్కలమాస్టారు_తెనాలి

డల్లాస్ నాన్నగారూ, మీకు నేర్పింది తప్పు కాదు. 9కి వర్గమూలాలు రెండు, +3, −3. ఇందులో మనకు తగాదా లేదు. తగాదా అంతా √ అనే గుర్తు దగ్గర. ఆ గుర్తుకు "9 యొక్క వర్గమూలాలన్నీ" అని అర్థం పెట్టలేదు, "9 యొక్క రెండు వర్గమూలాల్లో మైనస్ కానిది" అని పెట్టుకున్నారు. మన సిద్దిపేట తమ్ముడు చెప్పిన హద్దురాయి ఒక ప్రశ్న, గుంట పొడవు ఇంకో ప్రశ్న. "ఏ సంఖ్య వర్గం 9" అంటే హద్దురాయి ప్రశ్న, జవాబు ±3. "√9 ఎంత" అంటే గుంట ప్రశ్న, జవాబు 3.

ఎందుకిలా పెట్టుకున్నారంటే, ఒక గుర్తు రాసినప్పుడు అది ఒకే సంఖ్యను చూపించాలి. √9 + √16 ఎంత అని అడిగితే 7 అనాలి. √9 అంటే ±3, √16 అంటే ±4 అని పెట్టుకుంటే ఆ కూడికకు 7, 1, −1, −7 అని నాలుగు జవాబులు వస్తాయి. మూడు వర్గమూలాలు కూడితే ఎనిమిది. √2 పొడవున్న కర్ర తెమ్మంటే ఏ కర్ర తెస్తారు?

మీకు బాగా తెలిసిన సాక్ష్యం ఇంకోటి ఉంది. పదో తరగతి వర్గ సమీకరణం సూత్రం గుర్తు తెచ్చుకోండి. "మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఓవర్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ" అని పాటలా చదివేవాళ్ళం. ఆ రూట్‌కు ముందు ప్లస్ ఆర్ మైనస్ ఎందుకు రాశాం? రూట్ గుర్తులోనే రెండూ ఉంటే మళ్ళీ బయట రాయడం దేనికి? బయట రాశామంటేనే లోపల ఒకటే ఉందని ఒప్పుకున్నట్టు.

పాపకు పోయిన అర మార్కు సంగతి. దిద్దినవారు నిబంధన ప్రకారమే దిద్దారు. కానీ కారణం రెండు ముక్కల్లో పక్కన రాసి ఉంటే ఆ పిల్ల ఏడ్చేది కాదు. నేను పని చేసిన రోజుల్లో ఇలాంటి చోట మార్కు కోసినా, పక్కన "√ అంటే ప్లస్సే, ప్రశ్నలో వర్గం ఉంటే ±" అని ఎర్ర ఇంకుతో రాసేవాణ్ణి.

ఇక ∛ గుర్తుకు ఈ పేచీ లేదు. ఘనమూలం ఒక్కటే కాబట్టి ఎంచుకోవాల్సిన పని రాలేదు.

డల్లాస్_నాన్న

ఆ సూత్రం ముందున్న ± సంగతి నేను నలభై ఏళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు మాస్టారూ. ఒప్పుకున్నాను. మరి √ కింద మైనస్ సంఖ్య వర్గం ఉంటే? √((−5)²) అంటే వర్గమూ రూటూ కొట్టేసుకుని −5 వస్తుందని మా వాడు రాశాడు.

లెక్కలమాస్టారు_తెనాలి

రాదండీ, 5 వస్తుంది. లోపలి పని ముందు చెయ్యాలి: (−5)² = 25, √25 = 5. వర్గమూ రూటూ "కొట్టేసుకుంటాయి" అని నేర్పడమే దీనికి మూలం. వర్గం చేసిన క్షణంలోనే ఆ మైనస్ చెరిగిపోయింది, తర్వాత రూట్‌కు అది గుర్తుండదు. అందుకే ఒక సంఖ్య వర్గానికి వర్గమూలం దాని పరమ మూల్యం, అంటే మైనస్ ఉంటే తీసేసిన విలువ, అంటాం. ఘనానికైతే నిజంగానే కొట్టేసుకుంటాయి: ∛((−5)³) = ∛−125 = −5.

పైథాన్‌పిల్లోడు

అందరికీ హాయ్. ఇక్కడ నాకో గొడవ ఉంది. మీరంతా మైనస్ 8 ఘనమూలం మైనస్ 2 అంటున్నారు. నేను కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాషల్లో కట్టి చూశా. 1/3 ఘాతం అంటే ఘనమూలమే కదా. పైథాన్‌లో బ్రాకెట్‌లో −8 పెట్టి 1/3 ఘాతం అడిగితే, మైనస్ 2 రావట్లేదు. 1 + 1.732 జె అని ఏదో వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అదే ఘాతం అడిగితే "ఇది సంఖ్యే కాదు" అని వస్తుంది. అదే జావాస్క్రిప్ట్‌లో ఘనమూలానికి విడిగా ఉన్న ఫంక్షన్ వాడితే మాత్రం చక్కగా −2 ఇస్తుంది. పైథాన్‌లోనూ 3.11 వెర్షన్ నుంచి అలాంటి ఫంక్షన్ పెట్టారు, అది −2 ఇస్తుంది. ఒకే ప్రశ్నకు మూడు జవాబులు. ఏది నమ్మాలి?

కరెంటాయన (ఈఈఈ)

తమ్ముడూ, ఆ జె మా వాళ్ళ అక్షరమే. లెక్కల వాళ్ళు √−1ని ఐ అంటారు, అంటే ఐ × ఐ = −1. మాకు ఐ అంటే కరెంటు కాబట్టి జె వాడతాం. పైథాన్ కూడా జె వాడుతుంది. నీకు వచ్చిన జవాబు తప్పు కాదు. (1 + √3 ఐ)ని మూడుసార్లు గుణించి చూడు. రెండుసార్లకు −2 + 2√3 ఐ వస్తుంది, మూడోసారికి ఐ ఉన్న ముక్కలు కొట్టుకుపోయి −2 − 6, అంటే −8. అది కూడా −8కి ఘనమూలమే.

ఎన్‌సీసీ_పీఈటీ (అనంతపురం)

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. లెక్కల సార్లు ఉన్న చోట నోరు తెరవొచ్చో లేదో గానీ, ఈ విషయం నేను గ్రౌండులో పిల్లలకు చూపించాను, పని చేసింది. అందుకే రాస్తున్నా.

డ్రిల్లులో పీఛే ముడ్ అంటే అబౌట్ టర్న్, 180 డిగ్రీలు తిరగాల. ఒక సంఖ్యను −1తో గుణించడమంటే సంఖ్యారేఖ మీద పీఛే ముడ్. తూర్పు చూస్తా ఉన్న 5 పడమర చూసే −5 అవుతుంది. రెండుసార్లు పీఛే ముడ్ చెబితే పిల్లోడు మళ్ళీ తూర్పుకే వస్తాడు. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అంటే ఇదే. మూడుసార్లు చెబితే పడమరకు తిరిగి ఉంటాడు. మైనస్ ఘనం మైనస్ అంటే ఇదే.

ఇప్పుడు ప్రశ్న తిప్పండి. "ఒకే కాషన్ (డ్రిల్లు ఆదేశం) రెండుసార్లు చెప్పాల, చివరికి పీఛే ముడ్ అయిపోవాల. ఏం కాషన్ చెప్పాల?" పీఛే ముడ్ రెండుసార్లు చెబితే కాదు, ఏమీ చెప్పకుండా నిలబెడితే కాదు. సంఖ్యారేఖ మీద ముందుకు, వెనక్కి రెండే దిక్కులు ఉన్నాయి కాబట్టి ఆ రేఖ మీద దీనికి జవాబు లేదు. పాపకు "మైనస్‌కు వర్గమూలం లేదు" అని చెప్పింది ఈ రేఖ వరకే నిజం. గ్రౌండులో అయితే జవాబు ఉంది: బాయే ముడ్. ఎడమకు 90, మళ్ళీ ఎడమకు 90, వెనక్కి తిరిగేశాడు. ఇంకో జవాబూ ఉంది: దాహినే ముడ్, అంటే కుడికి 90, రెండుసార్లు. ఆ బాయే ముడ్‌నే ఐ అంటారు, దాహినే ముడ్‌ని మైనస్ ఐ. అంటే −1కీ రెండు వర్గమూలాలు ఉన్నాయి, రేఖ మీద కాదు, రేఖకు అడ్డంగా.

ఘనమూలానికి వస్తే, ఒకే కాషన్ మూడుసార్లు, చివరికి పీఛే ముడ్. పీఛే ముడ్‌నే మూడుసార్లు చెప్పినా సరిపోతుంది, 540 డిగ్రీలు అంటే ఒక చుట్టు తిరిగి ఇంకో 180. అందుకే −8కి రేఖ మీదనే −2 దొరికింది. 60 డిగ్రీల చొప్పున మూడుసార్లు తిప్పినా 180 అవుతుంది. 300 చొప్పున తిప్పితే 900, రెండు చుట్లు పోను 180. మొత్తం మూడు ఘనమూలాలు. పైథాన్ తమ్ముడికి వచ్చింది ఆ 60 డిగ్రీల జవాబు.

పైథాన్‌పిల్లోడు

సార్, మీరు గ్రౌండులో చెప్పింది మా కాలేజీలో బోర్డు మీద నాకు ఎక్కలేదు. ఇప్పుడర్థమైంది. పైథాన్ తక్కువ తిరుగుడు ఉన్న మూలాన్ని తీసుకుంటుంది. ఘనమూలం ఫంక్షన్ సంఖ్యారేఖ దాటి పోదు కాబట్టి −2 ఇస్తుంది. ఏ ప్రశ్న అడుగుతున్నామో దాన్ని బట్టి ఫంక్షన్ ఎంచుకోవాలన్నమాట.

ఇంకో చిక్కు కూడా దొరికింది. 1/3 అన్నా 2/6 అన్నా ఒకటే కదా. −8కి 1/3 ఘాతం −2 అనుకుందాం. 2/6 అంటే ముందు వర్గం చేస్తే 64, దానికి ఆరో మూలం 2. −2, 2 రెండూ వచ్చేశాయి.

లెక్కలమాస్టారు_తెనాలి

సరిగ్గా పట్టుకున్నావు నాయనా. అందుకే మైనస్ సంఖ్యలకు భిన్న ఘాతాలు వేసేటప్పుడు ఘాతాంక న్యాయాలు కళ్ళు మూసుకుని వాడకూడదు. ఘాతం కింద ఉన్న సంఖ్య ప్లస్ అయితేనే ఆ న్యాయాలన్నీ నిలబడతాయి. స్కూలు పిల్లలకు ∛−8 అని గుర్తు వేసి −2 నేర్పడం మేలు.

ఇంటర్_ఎంపీసీ

సార్, మా క్లాసులో ఒకడు బోర్డు మీద ఇలా రాశాడు, ఎవరూ తప్పు పట్టలేకపోయాం.
1 = √1 = √((−1) × (−1)) = √−1 × √−1 = −1.
తప్పు ఎక్కడ?

కరెంటాయన (ఈఈఈ)

మూడో సమాన గుర్తు దగ్గర. √ లోపలి గుణకారాన్ని రెండు √లుగా విడగొట్టే న్యాయం లోపలివి రెండూ మైనస్ అయినప్పుడు పనిచెయ్యదు. √−4 × √−9 తీసుకో. న్యాయం వాడితే √36, అంటే 6. అసలు లెక్క 2ఐ × 3ఐ = 6 ఐ² = −6. మొదట ఐ బయటికి తీసి, ఆ తర్వాత గుణించాలి. ఈ వరుస తప్పితే గుర్తు తారుమారవుతుంది.

పాతపుస్తకాలు

ఆలస్యంగా వచ్చాను. ఈ చర్చలో అందరూ ప్లస్, మైనస్ అంటున్నారు, వాటికి మన పుస్తకాల్లో ఉన్న ధన, రుణ అనే మాటల గురించి ఒక మాట రాయాలనిపించింది. రుణం అంటే అప్పు. ధనం అంటే మన దగ్గరున్నది. 628లో బ్రహ్మగుప్తుడు ఈ మాటలతోనే సంఖ్యల నియమాలు చెప్పాడు. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం అన్నది అందులో ఒకటి. మన పిల్లలు ఇవాళ ధన సంఖ్య, రుణ సంఖ్య అని చదువుతున్నది ఆ మాటలే. వర్గమూలం, ఘనమూలం కట్టే పద్ధతులు అంతకన్నా ముందే, 499 నాటి ఆర్యభటీయంలో గణితపాదంలో వరుస శ్లోకాల్లో ఉన్నాయి. భాగహార పద్ధతిలో కుడి నుంచి రెండేసి అంకెలు జతలు కడతాం కదా, ఘనమూలానికి మూడేసి. ఆ స్థానాల విభజన అక్కడిదే.

మీ పాప ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవాడు మహావీరాచార్యుడు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, తొమ్మిదో శతాబ్దంలో, గణితసారసంగ్రహం రాశాడు. అందులో ఒక పంక్తి ఇది: "ఋణం స్వరూపతోఽవర్గో యతస్తస్మాన్న తత్పదమ్". రుణసంఖ్య తన స్వభావం చేతనే వర్గం కాదు, అందువల్ల దానికి మూలం లేదు అని. పదం అన్నా మూలం అన్నా ఇక్కడ ఒకటే. "లేదు" అని చెప్పి వదిలెయ్యకుండా "ఎందుకంటే అది వర్గం కాదు" అని కారణం ఇచ్చాడు చూడండి. మాస్టారు మర, పిండి అని చెప్పిందీ అదే. అంతకు ముందు పాదంలోనే ధనసంఖ్యకు మూలాలు ధనమూ రుణమూ రెండూ అని కూడా చెప్పాడు, కాబట్టి డల్లాస్ నాన్నగారికి నేర్పినవారి వెనుక పెద్ద పరంపరే ఉంది.

ఈ గణితసారసంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో శాస్త్రగ్రంథాలకు అది తొలినాటి పుస్తకం. భారతం తెలుగవుతున్న తొలిరోజుల దరిదాపుల్లోనే లెక్కలు కూడా తెలుగులోకి వచ్చాయని తలచుకుంటే నాకు ప్రతిసారీ గుండె నిండుతుంది. తెలుగులో లెక్కలు చెప్పలేం అనేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి.

కరెంటాయన (ఈఈఈ)

పాతపుస్తకాలు గారూ, చాలా సంతోషం. మరి లేదన్నదాన్ని ఉందని ఎవరు పట్టుకున్నారో కూడా చెప్పండి.

పాతపుస్తకాలు

ఇటలీలో. విచిత్రం ఏమిటంటే, మైనస్‌కు వర్గమూలం కావాలని వాళ్ళను తోసింది వర్గ సమీకరణం కాదు, ఘన సమీకరణం. వర్గ సమీకరణంలో √ కింద మైనస్ వస్తే "మూలాలు లేవు" అని పక్కన పెట్టెయ్యొచ్చు. 1545లో కార్డానో 10ని రెండు భాగాలు చేసి, వాటి లబ్ధం 40 కావాలని లెక్క వేసుకుని 5 + √−15, 5 − √−15 అని రాశాడు. లెక్క సరిపోయింది గానీ ఆయనే దాన్ని పనికిరానిదిగా చూశాడు.

ఘన సమీకరణంలో అలా పక్కన పెట్టడానికి వీల్లేకపోయింది. ఒక సంఖ్య ఘనం, ఆ సంఖ్యకు 15 రెట్లకు 4 కలిపినదానికి సమానం. ఆ సంఖ్య ఏది? 4. సరిచూడండి: 64 = 60 + 4. కళ్ళెదురుగా జవాబు ఉంది. కానీ ఘన సమీకరణాలకు కార్డానో ఇచ్చిన సూత్రంలో పెడితే వచ్చేది ఇది:

∛(2 + √−121) + ∛(2 − √−121)

జవాబు మామూలు 4 అయినప్పుడు దారిలో ఈ √−121 ఏమిటి? ఇటలీవాడే అయిన బొంబెల్లి 1572లో అచ్చయిన తన బీజగణితంలో ఈ ముడి విప్పాడు. ఇప్పటి రాతలో చెప్పాలంటే మొదటి ఘనమూలం 2 + ఐ, రెండోది 2 − ఐ. రెండూ కలిపితే ఐలు కొట్టుకుపోయి 4. లేని సంఖ్యల మీదుగా నడిచి ఉన్న సంఖ్యకు చేరుకున్నాడు.

గుంటలు_గజాలు (సిద్దిపేట)

121 మళ్ళా వచ్చింది! మా గుంట. ప్లస్ 121 అయితే నా గొలుసుకు అందుతుంది, మైనస్ 121 అయితే ఇటలీకి పోవాలె. ఈ 2 + ఐ ఘనం నిజంగ 2 + 11 ఐ అవుతుందా? ఎవరన్నా కట్టి చూపిస్తరా?

ఇంటర్_ఎంపీసీ

నేను కడతాను అన్నా. ముందు వర్గం: (2 + ఐ)² = 4 + 4ఐ + ఐ². ఐ² అంటే −1 కాబట్టి 3 + 4ఐ. దాన్ని మళ్ళీ (2 + ఐ)తో గుణిస్తే 6 + 3ఐ + 8ఐ + 4ఐ². చివరిది −4. 6 − 4 = 2, 3ఐ + 8ఐ = 11ఐ. మొత్తం 2 + 11ఐ. 11ఐ అంటే √−121. సరిపోయింది.

మాకు సెకండియర్ లెక్కల పేపర్ 2ఏలో డిమోయర్ సిద్ధాంతం, ఒకటి యొక్క ఘనమూలాలు, ఒమేగా అన్నీ ఉన్నాయి. ఒమేగా ఘనం 1 అని బట్టీ పట్టాను. అది 120 డిగ్రీల తిరుగుడని, మూడుసార్లకు ఒక చుట్టు అని ఇవాళే తెలిసింది.

లెక్కలమాస్టారు_తెనాలి

మీ అందరి మధ్య ఈ ప్రశ్న అడిగిన పాప సిరి హోంవర్కు మరిచిపోకూడదు. ఖచ్చిత వర్గం కానివాటి మూలం ఎలా అని అడగబోతుంది, ముందే రాస్తున్నాను. 200 గజాల ప్లాటు మామూలుగా 30 అడుగులకు 60 అడుగులు ఉంటుంది. అదే సరి చతురస్రంగా ఉంటే పొడవెంత? 14 వర్గం 196, 15 వర్గం 225. 14కి కొంచెం ఎక్కువ. 200ని 14తో భాగిస్తే 14.286. 14కీ 14.286కీ సగటు 14.143. ఒక్క విడతలోనే దాదాపు వచ్చేసింది, అసలు విలువ 14.142. అడుగుల్లో సుమారు 42 అడుగుల 5 అంగుళాలు. ఊహ ఎక్కువైతే భాగఫలం తక్కువవుతుంది, ఊహ తక్కువైతే భాగఫలం ఎక్కువవుతుంది, అసలు మూలం ఆ రెంటి మధ్యే ఉంటుంది. ఆ మధ్యను వెతకడమే ఇందులోని కిటుకు.

ఘనమూలానికి మన సంపు చూపించండి. 8000 లీటర్ల సంపు అన్ని వైపులా సమానంగా ఉంటే 2 మీటర్లు. 1000 లీటర్లకు 1 మీటరు. నీళ్ళు ఎనిమిది రెట్లయినా గోడ రెండు రెట్లే.

సిరివాళ్ళమ్మ (కరీంనగర్)

అందరికీ చేతులెత్తి దండం. మూడు రోజులుగా మేమిద్దరం రాత్రి పూట ఇదే చదువుతున్నం. రెండు కాగితాలు రాసింది, గోడకు అతికించుకున్నది. √9కి 3 అని, "ఏ సంఖ్య వర్గం 9" అంటే ±3 అని ఇప్పుడు నాకే చెప్తున్నది. అర మార్కు గురించి బాధ పోయింది.

నిన్న తనంతట తాను ఒకటి చేసింది, అట్లనే రాస్తున్న. "64కి వర్గమూలం 8, ఘనమూలం 4, ఆరో మూలం 2. −64కి వర్గమూలం లేదు. ఘనమూలం −4. ఆరో మూలం కోసం ముందు ఘనమూలం తీసిన, −4 వచ్చింది, దానికి వర్గమూలం తీద్దామంటే లేదు. ముందు వర్గమూలం తీద్దామంటే మొదట్లనే ఆగిపోయింది. ఎటు పోయినా లేదు." ఇది సరైనదేనా సార్?

లెక్కలమాస్టారు_తెనాలి

నూటికి నూరు. సంఖ్యారేఖ మీద లేదు. రెండు దారుల్లోనూ వెళ్ళి చూసింది, అది నాకు మరీ నచ్చింది.

ఎన్‌సీసీ_పీఈటీ (అనంతపురం)

అమ్మా, రేఖ మీద లేదు గానీ గ్రౌండులో ఉంది. పాపతో చెప్పండి: ఆరుసార్లు బాయే ముడ్. 2 అడుగుల కర్ర ఎడమకు తిప్పుకుంటా పోయినట్టు. 2ని ఆరుసార్లు గుణిస్తే 64, ఎడమ తిరుగుళ్ళు ఆరు. ఏ దిక్కున ఆగుతుందో తననే చూడమనండి.

సిరివాళ్ళమ్మ (కరీంనగర్)

ఇప్పుడే వాకిట్ల నిలబడి తిరిగింది సార్. తులసి గద్దె దిక్కు మొహం పెట్టి మొదలుపెట్టింది. ఒక్కొక్కటి లెక్కపెట్టుకుంటూ ఆరుసార్లు ఎడమకు తిరిగింది. గేటు దిక్కు మొహం పెట్టి ఆగింది.